నీలి గీత

బయట గొళ్లెం పడిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది. ఆ వెంటనే తాళం కప్ప బిగిసిన చప్పుడు.

"సార్, మనల్ని లోపల పెట్టి తాళం వేసేశారు!" అంది మట్టమ్మాయి.

అది వీధివాళ్లు పెట్టిన పేరు. ఆమె మట్టిని పరీక్షించే శాస్త్రవేత్త. వరదలో ఎవరేం పోగొట్టుకున్నారో ఇంటింటికీ తిరిగి అడిగిన పరిశోధకుడు వాళ్లకు ప్రశ్నలాయన. ఏరు ఎంత పొంగుతుందో, ఆ నీళ్లు ఎటు పోతాయో లెక్కకట్టే శాస్త్రవేత్త నీళ్లాయన. ముగ్గురిలోకీ ఆయనే పెద్ద.

నీళ్లాయన ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. 

ఏటేటా ఏరు ఊరి మీద పడుతోంది. గట్టు ఎంత ఎత్తు పెంచితే అంత ఎత్తు నుంచీ తెగుతోంది. సిమెంటుతో ఇక లాభం లేదు, ఏటి చోటు ఏటికి ఇచ్చేద్దాం అన్నారు ముగ్గురూ. ఒకచోట గట్టు తీసేసి, అక్కడ రెల్లూ, నీళ్లలో బతికే చెట్లూ పెంచి చిత్తడి నేల చేస్తే, పొంగిన నీళ్లు అక్కడే ఆగి మెల్లగా ఇంకుతాయి. ఊరు ఒడ్డున పడుతుంది. మూడు చదువులు కలిసి పట్టుబట్టి చేసిన పథకం. వంక పెట్టడానికి లేదు.

చిక్కల్లా ఒక్కటే. నీళ్లు రావాలంటే ఒక వీధి ఖాళీ కావాలి. పటంలో ఆ వీధి చుట్టూ నీలి గీత ఉంది.

ఆ మాట చెప్పడానికి వచ్చిన ముగ్గురినీ ఈ రేకుల గదిలో పెట్టి తాళం వేసింది ఆ వీధివాళ్లే.

కిటికీ దగ్గరికి దర్జీ పని చేసే ఆవిడ వచ్చింది. కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. ఆ వీధిలో ఆవిడ మాటంటే మాటే.

"మీ మీద మాకేం పగ లేదు. కాలవకి ఇటు మేమున్నాం, అటు ఇంకో వీధి ఉంది. రెండూ పల్లమే. మరి ఆ గీత మా నెత్తినే ఎందుకు గీశారు? అటు జరపండి. జరిపాకే తాళం తీస్తా."

"జరపడానికి అదేమైనా చాపా, దుప్పటా?" అన్నాడు నీళ్లాయన. "లెక్క ఎక్కడ చెబితే అక్కడే ఉంటుంది."

"అయితే మీరూ అక్కడే ఉండండి."

ఆవిడ వెళ్లిన కాసేపటికి ఫ్యాను ఆగిపోయింది. పైన రేకులు కాలిపోతున్నాయి. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. బయట ఎవరో తలుపును దబదబా బాదారు. ఇంకెవరో రాయి విసిరారు. కిటికీ అద్దం భళ్లున పగిలి గాజుముక్కలు కాళ్ల దగ్గర పడ్డాయి.

ప్రశ్నలాయన గోడకు నక్కాడు. "సార్, పరిశీలిస్తాం అని ఒక్క మాట పారేద్దాం. బతికుంటే బలుసాకు తినొచ్చు."

"అనను."

"అటువైపు మట్టి కూడా నేను చూశాను సార్, బాగానే ఉంది," అంది మట్టమ్మాయి. "ఇంకోసారి లెక్క వేద్దాం. వీళ్లెదురుగానే వేద్దాం. లాప్‌టాప్ ఉందిగా."

నీళ్లాయన లాప్‌టాప్ సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు.

"ఒక రాయి పడిందని లెక్క మారిస్తే, రేపు వాళ్లొచ్చి రెండు రాళ్లు వేస్తారు. అప్పుడు ఏటిని ఎక్కడ పెడతావమ్మా, నీ నెత్తి మీదా?"

ఆ అమ్మాయి తలదించుకుంది. ఆయన దగ్గరే చదువుకుంది. ఆయన మాటంటే ఆమెకు గురి.

ఎదురుగా గోడ మీద, మనిషి ఛాతీ ఎత్తున, పోయిన వరద చార ఇంకా కనిపిస్తోంది. నీళ్లాయన అటు చూడలేక కళ్లు మూసుకున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎటు కదలాలన్నా దారి లేదు.

దర్జీ ఆవిడ మళ్లీ వచ్చింది. పగిలిన అద్దంలోంచి నీళ్ల సీసా లోపలికి అందించింది.

"తాగండి. చంపడానికేం పెట్టలేదు మిమ్మల్ని." ఆవిడ గొంతు తగ్గించింది. "పోయిన వరదలో గట్టు మీద ఇసక బస్తాలు వేస్తూ మా ఆయన కొట్టుకుపోయాడు. మా ఇంటి గోడలు ఆయన చేత్తో కట్టినవి. మేం వెళ్లిపోతే, ఇంకెవరూ అలా పోరా?"

నీళ్లాయన పోరన్నట్టు తల ఊపాడు. 

"అలా కాదు. నా కళ్లలోకి చూసి చెప్పండి. ఆ గీత ఉండాల్సింది ఇక్కడేనా?"

ఆయన తలెత్తి చూశాడు. "ఇక్కడే."

 ఆవిడ తలుపు దగ్గరికి వచ్చి తాళం తీసింది.

"బెదిరి మాట మార్చే మనిషైతే ఈపాటికి మార్చేసేవాడు," అంది జనం వైపు తిరిగి. "ఇంత చేసినా మార్చలేదంటే అది నిజమే అయ్యుంటుంది. ఇక సామాన్లు సర్దుకుందాం."

 తలుపు బాదిన చేతులే పక్కకు తప్పుకుని దారి ఇచ్చాయి. ఒక ముసలాయన నీళ్లాయనకు దణ్ణం కూడా పెట్టాడు.

కాలవ వంతెన దాకా వచ్చాక మట్టమ్మాయి కళ్లు తుడుచుకుంది. "మీ దగ్గర చదువుకోవడం నా అదృష్టం సార్." ఆమె, ప్రశ్నలాయన వ్యాను తేవడానికి వెళ్లారు.

నీళ్లాయన ఒక్కడే మిగిలాడు. ఫోను మోగింది. కూతురు.

"నాన్నా! నిన్ను గదిలో పెట్టి తాళం వేశారటగా? కొట్టారా?"

"లేదు తల్లీ. ఒప్పుకున్నారు."

"హమ్మయ్య! పాపం, వాళ్లంతా ఇప్పుడు ఎక్కడికి పోతారో."

"ఉంటానమ్మా," అన్నాడు.

ఫోను జేబులో వేసుకుని ఆయన కాలవకు అవతల, కూతురి ఇల్లున్న వీధి వైపు చూశాడు. ఎవరి కంటా పడకముందే తన చేత్తో ఇటు జరిపేదాకా, పటంలో ఆ నీలి గీత మొదట ఉన్నది అక్కడే.