కర్టిస్‌కి ఇష్టమైనది

“బ్రిట్టా మింగేదాకా టర్కీ మీద కత్తి పెట్టేది లేదు,” అంది వెర్లా.

బల్ల చుట్టూ ఉన్న ఎనిమిది మందీ ఆమె మనవరాలి వైపు చూశారు. ఆరేళ్ళ బ్రిట్టా ముందున్న పళ్ళెంలో ఒకే ఒక్క చెంచాడు స్టఫింగ్ ఉంది. టర్కీ కార్జమూ కందనకాయా సన్నగా తరిగి, ఎండు రొట్టెముక్కల్లో కలిపి ఓవెన్లో పెట్టినది. చల్లారిపోయింది. అంచుల్లో కొవ్వు తెల్లగా పేరుకుంది.

ఆ ఇంట్లో థాంక్స్‌గివింగ్ నాడు అన్నిటికంటే ముందు కర్టిస్ వంటకం తినాలి. చనిపోయిన చిన్నకొడుకు కర్టిస్ ఆస్పత్రి మంచం మీద చివరిసారిగా అడిగింది అదేనని వెర్లా ఐదేళ్ళుగా చేస్తోంది. ఒక్కొక్కరూ ఒక చెంచా తిని, ఈ ఏడు దేనికి కృతజ్ఞతలు చెప్పుకుంటున్నారో చెప్పాలి. పెద్దకొడుకు వెండెల్ కొత్త ట్రాక్టరుకి చెప్పాడు. అతని భార్య నాడీన్ మోకాలి ఆపరేషనుకి చెప్పింది. కర్టిస్ భార్య జోలీన్ ఎప్పటిలాగే గ్లాసుడు నీళ్ళతో మింగేసి, “ఆరోగ్యానికి,” అంది. పిల్లల బల్ల నుంచి పెద్దల బల్లకి వచ్చిన బ్రిట్టాకి ఇదే మొదటిసారి.

“నాకు వాసన పడట్లేదు, గ్రాండ్మా.”

“వాసన చూడమని ఎవరన్నారు? తినమన్నాను.”

“కాస్త కానియ్యి బంగారం,” అన్నాడు వెండెల్. “ఇంకాసేపైతే ఈ టర్కీకే విసుగొచ్చి లేచి వెళ్ళిపోతుంది.”

“పోతే పోనీ. ఈయన పొట్టకి ఒక్కరోజైనా సెలవు దొరుకుతుంది,” అంది నాడీన్.

కొందరు నవ్వారు. వెర్లా నవ్వలేదు.

“చిన్నపిల్ల కదా,” అంది జోలీన్. “ఈ ఏటికి వదిలెయ్యండి వెర్లా. దాని వంతు నేను తింటాను.”

“నీ వంతు నువ్వు తిన్నావు. నీకు వాడు మొగుడు, దానికి తండ్రి. ఎవరి ప్రేమ వాళ్ళు చూపించుకోవాలి.”

బ్రిట్టా కళ్ళు గట్టిగా మూసుకుని చెంచా నోట్లో పెట్టుకుంది. బుగ్గలు కదిలాయి. గొంతు ఒకసారి పైకి లేచింది. అంతే, మొత్తం నాప్‌కిన్‌లోకి వచ్చేసింది.

పక్కగదిలో టీవీ ఆటలో ఎవరో గోల్ దాకా పరిగెత్తినట్టున్నారు, జనం అరుస్తున్నారు. గ్రేవీ మీద మీగడలా పొర కడుతోంది.

వెర్లా ఆ నాప్‌కిన్‌ని నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంచింది. పిల్ల పళ్ళెంలో ఇంకో చెంచాడు వడ్డించింది. ఆమె గొంతు మెత్తబడింది.

“తండ్రంటే ఇష్టంలేని పిల్లలు కొందరుంటారు తల్లీ. తప్పేం లేదు. పైకి చెప్పేస్తే సరిపోతుంది. ‘డాడీ అంటే నాకిష్టం లేదు’ అను చాలు. తినక్కర్లేదు. ఆ చిలగడదుంపలూ, వాటిమీది తియ్యటి మార్ష్‌మాలోలూ అన్నీ నీవే.”

బ్రిట్టా చిలగడదుంపల వైపు చూసింది. చూసినందుకు తనే సిగ్గుపడి తల తిప్పేసుకుంది.

“నాకు ఇష్టమే.”

“అయితే తిను.”

పిల్ల తల్లి వైపు తిరిగింది. గడ్డం తడిసిపోయింది.

“మమ్మీ, నాకు డాడీ అంటే ఇష్టమే కదా?”

జోలీన్‌కి తన లోపల ఏదో తాపీగా నిద్ర లేస్తున్నట్టు అనిపించింది. ఆస్పత్రి వరండాలో ఈ ముసలామె తన చెయ్యి పట్టుకుని, “నా చేతి వంట ఏదైనా అడిగాడా?” అన్న రోజు గుర్తొచ్చింది. ఆ రోజు జాలితో నోటికొచ్చిన వంటకం పేరొకటి చెప్పింది. ఆ జాలినే ఏడాదికి ఒక చెంచా చొప్పున మింగుతూ వచ్చింది. నిజం చెబితే వెర్లాకి బతకడానికి ఏమీ మిగలదని ఇన్నాళ్ళూ భయం. ఇప్పుడు తనకు కావలసింది సరిగ్గా అదేనని తెలిసి ఒళ్ళు జలదరించింది. హాయిగా కూడా ఉంది.

“కర్టిస్ దీన్ని అడగలేదు,” అంది.

“ఏమిటీ?”

“అడగలేదు. ఇదే కాదు, మీ వంట ఏదీ అడగలేదు. చివరి వారం రోజుల్లో మీ పేరు కూడా ఎత్తలేదు. మీరు ఏడుస్తుంటే చూడలేక నేనే కల్పించి చెప్పాను. పెళ్ళయ్యాక అతను దీన్ని తినగా నేను ఒక్కసారీ చూడలేదు.”

నాడీన్ చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. వెండెల్ ముఖంలో మాత్రం ఆశ్చర్యం లేదు. తల వంచుకుని, శుభ్రంగా ఉన్న తన ప్లేటు అంచునే వేలితో తుడుస్తున్నాడు.

జోలీన్ ఎదురుగా ఉన్న వెర్లా ముఖం ఎప్పుడు కూలిపోతుందా అని చూసింది. ఐదేళ్ళకు సరిపడా చూడాలనుకుంది.

వెర్లా లేచింది. బల్ల చుట్టూ నడిచి వచ్చి బ్రిట్టా వెనక నిలబడి, పిల్ల మెడ మీద చెయ్యి వేసింది. క్షమించమంటుంది కాబోలు అనుకుంది జోలీన్. వెర్లా రెండో చేత్తో చెంచా తీసుకుని నిండుగా ఎత్తింది.

“తెలుసు,” అంది. “వాడికి దీన్ని చూస్తేనే డోకు. ఇదే కుర్చీలో, ఇదే వయసులో, ఇలాగే ఏడ్చేవాడు. ఒక్కోసారి లేచేసరికి చీకటి పడేది. కానీ తినేవాడు.”