ఆస్పత్రి రేటు

"ఆస్పత్రికా? ఆరొందలు. ముందే ఇవ్వాలి," అన్నాడు టాక్సీవాడు, గుమాస్తానీ ఆయన మెడలోని కెమెరానీ ఎగాదిగా చూసి.

"ఊళ్లోవాళ్లకి రెండొందలే కదయ్యా," అన్నాడు గుమాస్తా వచ్చీరాని ఇంగ్లీషులో.

మొహం చూసి రేటు చెప్పడం ఆయనకి కొత్తేం కాదు. బట్టలకొట్టులో రోజూ తను చేసే పనే. అందుకే పరాయిదేశంలో పైసా ఎక్కువివ్వనని ఒట్టేసుకుని బయల్దేరాడు. డబ్బంతా హోటలు గదిలో పెట్టి తాళం వేసి, ఏ రోజు ఖర్చు ఆ రోజే జేబులో వేసుకుంటాడు.

వెనకాల ఆయన భార్య గుండె పట్టుకుని ఫుట్‌పాత్ మీద కూలబడింది.

గుమాస్తా లోలోపల మురిసిపోయాడు. ఈ ఉపాయం ఆ మహాతల్లిదే. బజారుకి అని చెబితే మూడింతలు గుంజుతారు. అదే బజారుకి ఎదురుగా ఉన్న ఆస్పత్రికి అని చెబితే, అందులోనూ మనిషి పడిపోయి ఉంటే, కసాయివాడైనా కరుగుతాడు. నిన్న పాచిక పారింది కూడా. ఆవిడ ఆస్పత్రి గేటు ముందు దిగి, కుచ్చెళ్లు సర్దుకుని, నవ్వుకుంటూ రోడ్డు దాటింది. నిన్నటి డ్రైవరు ఇవాళ స్టాండులో లేడు. ఇంకేం కావాలి?

"పాపం, చూడు నాయనా ఎలా ఉందో. రెండొందలకి రా."

డ్రైవరు కారుకి ఆనుకుని పల్లీలు నములుతున్నాడు. "ఆరొందలు."

"ఏవండీ, ఎడం చెయ్యి లాగేస్తోందండీ," అంది ఆవిడ.

ఇవాళ కొత్త మాట కూడా కలిపిందే అనుకున్నాడు. "కాస్త ఓర్చుకోవే, దిగొస్తున్నాడు," అని తెలుగులో గొణిగి, డ్రైవరు వైపు తిరిగాడు. "రెండొందల యాభై. ఇదే ఆఖరు మాట."

"నాటకం కాదండీ..."

గుమాస్తా వెనక్కి చూశాడు. ఆవిడ జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది. పెదాలు నల్లబడ్డాయి.

"ఆరొందలే ఇస్తా, పద బాబూ." జేబులో ఉన్నదంతా ఊడ్చి తీశాడు. నాలుగొందలు కూడా లేవు. "మిగతాది హోటల్లో ఉంది. వెయ్యి ఇస్తా, రెండువేలిస్తా. నీ కాళ్లు పట్టుకుంటా."

నిజంగానే పట్టుకున్నాడు. పక్క టాక్సీల్లోంచి ఇద్దరు దిగొచ్చి నిలబడ్డారు. వాళ్లలో ఒకడు చప్పట్లు కొట్టాడు. ఆవిడ తల మెల్లగా గోడ మీదికి ఒరిగిపోయింది.

డ్రైవరు కాళ్లు విడిపించుకుని, చేతికంటిన పల్లీల పొట్టు దులుపుకున్నాడు.

"లేవండి సార్. నిన్న మిమ్మల్ని తీసుకెళ్లింది మా తమ్ముడే. నిన్న కూడా ఇలాగే చచ్చిపోయిందటగా మీ ఆవిడ."