అవతలి ఒడ్డు జీతం

వెల్డా వంతెన దాటేసరికి మూడయింది. వెనక ఐడహో రాష్ట్రం, ముందు వాషింగ్టన్ రాష్ట్రం. మధ్యలో నది ఒకటే, చట్టాలు మాత్రం రెండు. అక్కడ గంటకు ఏడుంపావు డాలర్లిచ్చినా అడిగేవాడు లేడు. ఇక్కడ పదహారు దాటి ఇచ్చి తీరాలి.

ఈ పని దొరక్కపోతే వచ్చే శుక్రవారం జీతాల రోజు గడవదు. అందుకే అరవై రెండేళ్ల వయసులో, గిన్నెలు కడిగే ఉద్యోగానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చింది.

రెస్టారెంటు మేనేజరు కోల్టన్‌కు పాతికేళ్లుండవు. ఆమె నింపిన ఫారం చూసి నోరు తెరిచాడు.

"ఇరవై ఆరేళ్లు ఒకే డైనర్లోనా! ఇప్పుడు మానేస్తున్నారా అమ్మా?"

"లేదు బాబూ. అది రెండింటికల్లా మూసేస్తాం. సాయంత్రాలు ఇక్కడ చేస్తా."

"ఒళ్లు హూనమవుతుంది. అది వదిలేయొచ్చుగా?"

"నేను వెళ్లకపోతే పొద్దున్నే తలుపు తీసే దిక్కులేదు."

"ఎంతిస్తారేంటి?"

వెల్డా నసిగింది. "ఒక్కో వారం గంటకు ఏడుంపావు కూడా పడదు. పోయిన నెలంతా సున్నా."

"సున్నానా! మిగతావాళ్లకో?"

"వాళ్లకు ఠంచనుగా అందుతుంది. మా వంటవాడు ఓరిన్ మీ ఒడ్డుకు వచ్చేస్తానన్నాడు. దాంతో గంటకు ఐదు డాలర్లు పెంచాల్సి వచ్చింది. వాడికి పెంచాక వడ్డించే అమ్మాయిలు ఊరుకుంటారా? వాళ్లకూ పెరిగింది."

"మరి మీకు?"

"నాకెవరు పెంచుతారు?"

కోల్టన్ బల్ల మీద చరిచాడు. "ఇది చట్టవిరుద్ధం! ఆ ఓనరు మీద కార్మిక శాఖకు రాసి పడేయండి."

"పోనీ బాబూ. మనిషి మంచిదే. లెక్కలే రావు."

"మంచిదట! రక్తం తాగే దోమను జోకొడుతున్నారు మీరు."

వెల్డా సంచీని ఒళ్లోకి లాక్కుంది.

"సరే, పద్ధతి ప్రకారం ఆవిడ మీ గురించి ఓ మంచిమాట చెప్పాలి. చెబితే రేపు నాలుగింటికి పనిలోకి వచ్చేయండి. పనిలో పనిగా నేనూ నాలుగు దులుపుతా."

"ఇప్పుడెందుకు బాబూ? డైనరు మూసేశారుగా..."

"ఓనరు ఫోను ఎత్తకపోతుందా?"

ఫారంలో 'యజమాని ఫోను' అన్న గడిలోని నంబరును కోల్టన్ పళ్లు బిగించి మరీ నొక్కాడు.

వెల్డా ఒళ్లోని సంచీ మోగింది.