మూడో అడాప్టర్

చెల్లెలు కనబడకుండా పోయి ఇరవై రెండు రోజులైంది. ఆమె ల్యాప్‌టాప్ మాత్రం ఊరి చివర చెత్తదిబ్బలో దొరికింది. తెర పగిలి నల్లబడిపోయింది. స్టేషన్‌లో దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి, పనికిరాదని అక్క చేతిలో పెట్టేశారు. మేజరైన పిల్ల, ఎవరితోనో వెళ్ళిపోయి ఉంటుందని రాసుకుని చేతులు దులుపుకున్నారు.

అక్క నమ్మలేదు. చెల్లెలు ఆఖరిసారి ఎవరికి ఏం రాసిందో, ఎక్కడికని బయల్దేరిందో అందులోనే ఉంటుందని ఆమె ఆశ. తిన్నగా రిపేరు షాపుకు వచ్చింది.

మెకానిక్ మంచివాడని వీధంతా అంటుంది. తప్పిపోయిన పిల్ల ఫోటోను అందరికన్నా ముందు షాపు అద్దానికి అంటించింది ఆయనే. ల్యాప్‌టాప్ మూత తెరిచి చూసి పెదవి విరిచాడు.

"విండోస్ కాదు, లినక్స్ మిషనా? ఈ ల్యాప్‌టాప్ నా బల్ల మీదకి ఎప్పుడూ రాలేదమ్మా. రెండ్రోజులు ఉంచి వెళ్ళు, చూస్తాను."

"వద్దన్నా, కూర్చుంటాను. తెర పోతే పోయింది, మీ మానిటర్‌కి కలపండి చాలు."

స్విచ్ నొక్కితే లోపల ఫ్యాన్ తిరిగింది. నల్లటి తెర ముందే అక్క గుడ్డిగా చెల్లెలి పాస్‌వర్డ్ కొట్టింది. మానిటర్ వైరు నేరుగా పెట్టే చోటు చితికిపోయింది. ఇక యూఎస్‌బీ లోంచి బొమ్మను మానిటర్‌కి పంపే అడాప్టరే దిక్కు.

ఆ షాపు మానిటర్‌దో వింత. స్టాండు విరిగిన దగ్గర్నుంచీ దాన్ని గోడకు నిలువుగా బిగించాడు. కొత్త మిషన్ ఏది తగిలించినా బొమ్మ పక్కకు పడుకునే వస్తుంది. సెట్టింగుల్లోకి వెళ్ళి ఒక్కసారి లేపి నిలబెట్టాలి. ఇక ఆ మిషన్ మర్చిపోదు, మళ్ళీ ఎప్పుడు తగిలించినా నిటారుగానే చూపిస్తుంది. ఇక్కడ రిపేరుకు డబ్బులు, మెడనొప్పి ఫ్రీ అని వీధిలో జోకు.

మెకానిక్ ఒక అడాప్టర్ పెట్టాడు. మానిటర్ ఉలకలేదు, పలకలేదు. ఇంకోటి పెట్టాడు. అదీ అంతే.

"లినక్స్‌తో ఇదే గోల, మొండిఘటం. వదిలెయ్యమ్మా. పోయిందేదో పోయింది."

"పోయింది మా చెల్లి అన్నా."

అక్కకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే ఇంటికి పంపేస్తాడని దిగమింగుకుంది. అడాప్టర్ల డబ్బా తన వైపు లాక్కుని, అడుగు నుంచి మూడోది తీసింది.

"అది పాడైంది, అది పెట్టకు," అంటూ ఆయన చెయ్యి చాచేలోపే పెట్టేసింది.

మానిటర్ మీద చెల్లెలి తెర వెలిగింది, ఎవరూ లేపకుండానే నిటారుగా.