అత్తగారిని బయట కూర్చోమన్నారు

"వాడికి కోపమే గానీ మనసు వెన్నమ్మా," అంది కామేశ్వరమ్మ, కౌన్సెలర్ ఇంకా ఏమీ అడక్కముందే.

బిందుమాధవి పెన్ను ఆపి ఆవిడ వంక చూసింది. అరవై దాటిన మనిషి. అనకాపల్లి బెల్లం మార్కెట్లో పేరున్న కుటుంబం. కుర్చీ అంచున కూర్చుని, కొంగు భుజాల నిండా కప్పుకుంది. పక్కన కోడలు శ్రావ్య తలొంచుకుని ఉంది.

రెండు రోజుల కిందట ఫోన్ చేసింది శ్రావ్యే. "మా ఆయన చెయ్యి చేసుకుంటున్నారు మేడం. అత్తయ్యని కూడా తీసుకొస్తాను," అంది. అత్తగారెందుకని బిందుమాధవికి అప్పుడే అనిపించింది.

"ఎన్నాళ్ళ నుంచి శ్రావ్యా?"

శ్రావ్య పక్కకి తిరిగింది. "మీరు చెప్పండి అత్తయ్యా."

భయం, అనుకుంది బిందుమాధవి.

"మావారు పోయిన దగ్గర్నుంచమ్మా. మూడేళ్ళు," అంది కామేశ్వరమ్మ. "కొట్టు భారమంతా మా రామ్‌గోపాల్ మీద పడింది. పొద్దున్నుంచీ పదిమందితో అరుచుకుని వస్తాడు. ఇంటికొచ్చేక ఆ కోపం ఎవరి మీద చూపించుకుంటాడు?"

"అందుకని కొడతాడా?"

"ఊరికే కొట్టడమ్మా. మొన్న పులుసులో ఉప్పెక్కువైంది. కంచం విసిరేసేడు. తప్పెవరిది? వండినోళ్ళది కాదేటి?"

శ్రావ్య వెక్కింది. బిందుమాధవి టిష్యూ డబ్బా ఆమె ముందుకి జరిపింది.

"చెయ్యి విరిగిన సంగతి కూడా చెప్పండత్తయ్యా," అంది శ్రావ్య ముక్కు తుడుచుకుంటూ.

"బాత్రూంలో కాలు జారిందని డాక్టరుగారికి చెప్పేం," కామేశ్వరమ్మ గబగబా అంది. "కట్టు కట్టేరు, అతుక్కుపోయింది. ఇప్పుడదంతా దేనికి?"

"మీ అబ్బాయిని ఒక్కసారైనా ఆపారా?"

"ఆపితే ఇంకా రెచ్చిపోతాడమ్మా. నోరెత్తకుండా ఉంటే కాసేపటికి వాడే చల్లబడతాడు. వాడొచ్చే టైముకి గదిలో తలుపేసుకుని కూర్చుంటే అసలు గొడవే లేదు."

"పోలీసులకి చెప్పాలని ఎప్పుడూ అనిపించలేదా?"

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "వాడు నా కడుపున పుట్టేడమ్మా. వాణ్ణి స్టేషన్లో కూర్చోబెట్టి నేను అన్నం తినగలనా?"

ఇలాంటి అత్తగార్లు బిందుమాధవికి కొత్త కాదు. కోపం గొంతులోకి రాకుండా అణుచుకుంది.

"అమ్మా, దెబ్బలు తిన్న మనిషితో నేను ఒంటరిగా మాట్లాడాలి. మీరు కాసేపు బయట కూర్చోండి."

ఆ మాటకే కాచుకుని ఉన్నట్టు కామేశ్వరమ్మ తేలిగ్గా ఊపిరి వదిలింది. "అలాగేనమ్మా," అని కుర్చీ పట్టుకుని మెల్లగా లేచింది.

శ్రావ్య ఒక్క ఉదుటున వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"వద్దు మేడం, ఆవిణ్ణి పంపించెయ్యకండి. ఇక్కడిదాకా తీసుకురావడానికి నాకు ఏడు నెలలు పట్టింది."

"భయపడకమ్మా. కొట్టినవాడి తల్లిని ఎదురుగా పెట్టుకుని నీ బాధ ఎలా చెప్పుకుంటావు?"

శ్రావ్య తల అడ్డంగా ఊపింది. కామేశ్వరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, వద్దన్నట్టు లాగింది. ఈసారి శ్రావ్య ఆగలేదు.

"ఆయన కొట్టేది నన్ను కాదు మేడం, అత్తయ్యని."