నక్క మామ ఊరికే ఇచ్చిన దోసకాయ

ఎవరేం చెప్పినా పూర్తిగా వినే ఓపిక కుందేలుకు లేదు. సగంలోనే "సరే సరే" అనేస్తుంది.

ఒకరోజు నక్క దోసకాయ పట్టుకొచ్చింది. "ఊరికే ఇస్తున్నా కోడలా. దీంతోపాటు మా పందికొక్కు కూడా నీ బొరియలో..."

"సరే సరే, ఇటివ్వు మామా!"

తెల్లారి నీళ్లకని వాగు దారిలో వెళ్తే, కుందేలు నక్క కొట్టు ముందు తేలింది. గడ్డికని ఇంకో దారి పట్టినా అదే కొట్టు, అవే కుళ్లిన జామకాయలు. బొరియలో చేరిన పందికొక్కు రాత్రికి రాత్రే తవ్వి దారులన్నీ అటే తిప్పేసింది మరి!

"రా కోడలా, ఏం కావాలి?" అని నక్క పళ్లికిలించింది.

కుందేలు మండిపడి పందికొక్కును తన్ని తరిమేసింది. అయినా మర్నాడు మళ్లీ కొట్టు దగ్గరే తేలింది.

"దాన్ని పంపేస్తే సరిపోద్దా? అది తవ్విన దారులు అలాగే ఉన్నాయిగా," అంది పక్కింటి ముళ్లపంది. ఇద్దరూ కలిసి వాటిని పూడ్చి, పాత దారులు తెరిచేసరికి కుందేలు గోళ్లు అరిగిపోయాయి.

వారం తిరక్కుండానే నక్క ముల్లంగితో దిగింది. "ఊరికే కోడలా..."

నోటిదాకా వచ్చిన "సరే"ను కుందేలు మింగేసింది. "ఈసారి చివరి మాట ముందు చెప్పు మామా."

నక్కకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. దాని వెనకాల, గుమ్మం ముందు చెప్పులు విప్పుతున్న రెండు పందికొక్కులూ గప్‌చుప్‌గా మళ్లీ తొడుక్కున్నాయి.