చీమ సంతకం

బర్మాలోని చిమిండైంగ్ బజారు వెనుక మేడగదిలో ఆ మధ్యాహ్నం కూర్చున్నవారు, వయసు వరుసలో: ఒక ఆంగ్ల దినపత్రికకు ముప్పై ఎనిమిదేళ్ళు కార్టూన్లు గీసి విరమించిన బుల్లియ్యగారు, ఆయన భార్య సూర్యావతి, కోడలు పద్మిని. ఎదురుగా సైనికాధికారి. గుమ్మంలో ఇద్దరు తుపాకులతో.

అధికారి ఒక కాగితం బల్లమీద పరిచాడు. సైనిక టోపీ పెట్టుకున్న బలిసిన పిల్లి, ఊరందరి అన్నం కుండమీద కూర్చుంది. కింద సంతకానికి బదులు చిన్న చీమ. మూడేళ్ళుగా ఆ చీమ బొమ్మలు ఫోను నుంచి ఫోనుకు పాకుతున్నాయి.

"ఇవి ఈ ఇంటినుంచే పోతున్నాయి, ఊలే," అన్నాడు, పెద్దలను పిలిచే బర్మా మర్యాద తప్పకుండా. "గీసినవారికి పదేళ్ళ జైలు. ముగ్గురూ వరుసగా ఈ పిల్లిని గీయండి. చెడగొట్టి గీసినా పట్టేస్తాను. గీత వేలిముద్రలాంటిది. పెద్దవారు మీరు మొదలుపెట్టండి."

మూడు తెల్లకాగితాలు. ఒక పెన్సిలు.

బుల్లియ్యగారు ఆ బొమ్మను చాలాసేపు చూశారు. తోక గీత ఎక్కడా తెగలేదు. ఒక్క ఊపులో లాగినది. మంచి గీత, అనుకున్నారు గర్వంగా.

"వంకరగా గీసీయండి," తెలుగులో గొణిగింది సూర్యావతి. "ఎలాగూ వణికే సెయ్యే గదా, ఇంకాస్త వణికించండి."

ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకున్నారు. టోపీ, పొట్ట, కుండ. ఊపిరి బిగబట్టి, ఒకే ఊపులో తోక. దాని కింద చీమ.

అధికారి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి నవ్వాడు. "ఇక మిగతావాళ్ళవి అక్కర్లేదు."

పద్మిని చివాలున లేచింది. "మావయ్యా! ఏటిది?"

"కూకో అమ్మీ," గద్దించారాయన. "పెద్దోళ్ళ మద్దిన నీకేటి పని?"

సూర్యావతి గుండెలు బాదుకుంది. "పొగరు! ఒక్క బొమ్మ పాడైతే ఏటి, మీ కిరీటం పడిపోద్దా?"

"సెడ్డ బొమ్మ ఏనాడూ ఇచ్చినోణ్ణి కాదే. ఇప్పుడిస్తానా?"

లుంగీ సర్దుకుని, చొక్కా గుండీలు పెట్టుకుని, తుపాకులకు ముందుగా ఆయనే మెట్లు దిగారు.

ఆ మూడేళ్ళలో తాను ఒక్క పిల్లినైనా గీయకపోయినా, తన దగ్గరే గీత నేర్చుకున్న కోడలి చేతికి ఆ పెన్సిలు చేరకుండా ఆపిన బుల్లియ్యగారి కార్యాన్ని ఇందుమూలముగా సగౌరవంగా నమోదు చేయడమైనది.